మామూ బస్తా, ఫైర్‌ఫాక్స్ చాబీలు

2017 నవంబర్ 14న ఫైర్‌ఫాక్స్ 57 వచ్చింది. క్వాంటమ్ అని దానికి కొత్త పేరు పెట్టారు. పాతదానికన్నా రెండింతలు వేగం అని మొజిల్లా ప్రకటించింది. చాలామందికి అది ఖుషీ ఖబర్. నత్తలా నడిచే బ్రౌజర్ ఒక్కసారిగా హుషారుగా పరుగెత్తింది. కానీ ఆ రోజునుంచే ఏళ్ళ తరబడి నమ్మకంగా పని చేసిన వేల యాడ్-ఆన్లు అందులో చడీచప్పుడు లేకుండా ఆగిపోయాయి. వాటిలో పురుగు పడలేదు, వైరస్ దూరలేదు. నిన్నటిదాకా ఎలా ఉన్నాయో ఇవాళా అలాగే ఉన్నాయి. వాటి కిందున్న నేల మారిపోయింది, అంతే.

ఇది కంప్యూటర్ వాళ్ళ గొడవ, మనకెందుకులే అనుకోకండి. పిల్లల మార్కుల కాగితాలు, అబ్బా పెన్షన్ లెక్కలు, నిఖా ఫోటోలు, అమ్మీ ఎక్కడో చూసి దాచుకున్న వంటలు, ఇవన్నీ ఇప్పుడు ఎవరో ముక్కూమొహం తెలియని కారీగర్ చేసిచ్చిన పనిముట్లలోనే ఉన్నాయి. ఆ పనిముట్టు రేపు ఆగిపోతే మన సామాన్ ఏమవుతుంది? ఫైర్‌ఫాక్స్ కథలో ఈ సవాల్‌కి సగం జవాబు ఉంది. మిగతా సగం మా మామూ దగ్గర దొరికింది.

ముందు యాడ్-ఆన్ అంటే ఏమిటో చెప్పుకుందాం. బ్రౌజర్‌కి మనం తగిలించుకునే అదనపు పనిముట్టు అది. అద్దె ఇంట్లో గోడకి మేకు కొట్టుకుని గడియారం తగిలించుకున్నట్టు. అయితే పాత ఫైర్‌ఫాక్స్ ఇచ్చిన ఇజాజత్ మేకు దగ్గర ఆగేది కాదు. గోడ పగలగొట్టి కొత్త దర్వాజా పెట్టుకోవచ్చు. బావర్చీఖానాని వరండాలోకి జరుపుకోవచ్చు. కావాలంటే ఇంటి ముఖమే మార్చేసుకోవచ్చు. ఇల్లుగలాయన ఏమీ అనడు.

అంత ఆజాదీ ఎలా వచ్చిందంటే, ఆ ఇల్లు కట్టిన తీరే అలాంటిది. ఫైర్‌ఫాక్స్ 1.0 వచ్చింది 2004 నవంబర్ 9న. దాని పైకి కనిపించే బటన్లు, మెనూలు, పెట్టెలు అన్నీ జూల్ అనే భాషలో రాసి ఉండేవి. లోపల ఫైళ్ళు చదవడం, నెట్‌తో మాట్లాడడం, పాస్‌వర్డ్‌లు దాచడం వంటి పనులకి ఎక్స్‌పీకామ్ అనే యంత్రాంగం ఉండేది. యాడ్-ఆన్ రాసేవాళ్ళకీ అదే జూల్, అదే ఎక్స్‌పీకామ్. ఇంటివాళ్ళు ఏ తలుపుల్లోంచి తిరుగుతారో మెహమాన్లకీ అవే తలుపులు. చాబీల గుత్తి మొత్తం ఇచ్చేసినట్టే లెక్క.

ఆ చాబీలతో జనం అద్భుతాలు చేశారు. 2006లో వచ్చిన ఫైర్‌బగ్, వెబ్‌సైట్లు తయారుచేసేవాళ్ళ పని తీరునే మార్చేసింది. ఇటలీలో ఒకాయన రాసిన నోస్క్రిప్ట్, మన ఇజాజత్ లేకుండా ఏ పేజీలోనూ ఏ స్క్రిప్టూ నడవకుండా కాపలా కాసింది. డౌన్‌దెమ్‌ఆల్ అని ఒకటుండేది. కరెంటు పోయి మధ్యలో తెగిపోయిన డౌన్‌లోడ్‌ని ఆగిన చోటినుంచి మళ్ళీ షురూ చేసేది. వేసవిలో కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని మన ఊళ్ళల్లో దాని విలువ ఏమిటో ఆ జమానాలో ఇంటర్నెట్ సెంటర్లలో కూర్చున్నవాళ్ళకి బాగా తెలుసు.

మన తెలుగువాళ్ళకైతే ఒక ప్రత్యేకమైన బాకీ ఉంది. దాని పేరు పద్మ.

ఇప్పటి పిల్లలకి చెప్పినా నమ్మరు. ఒకప్పుడు తెలుగు పత్రికలు నెట్‌లో ఎవరి ఫాంటు వాళ్ళే వాడేవి. ఈనాడుది ఒకటి, వార్తది మరొకటి. పైకి తెలుగు అక్షరాల్లా కనిపించేవి గానీ లోపల ఉన్నవి ఇంగ్లీషు అక్షరాల, గుర్తుల సంఖ్యలు. ఆ ఫాంటు మన కంప్యూటర్‌లో లేకపోతే పేజీ నిండా గజిబిజి గీతలు. ఉన్నా కూడా ఒక మాట వెతకడానికి లేదు, ఒక వాక్యం తీసి ఇంకోచోట పెట్టుకోవడానికి లేదు. తెలుగు వికీపీడియాని 2003 డిసెంబర్‌లో మొదలుపెట్టిన వెన్న నాగార్జునగారే ఈ చిక్కు కూడా విప్పారు. ఆయన రాసిన పద్మ అనే ఫైర్‌ఫాక్స్ యాడ్-ఆన్, పేజీ తెరవగానే ఆ సొంత ఫాంటు గందరగోళాన్ని యూనికోడ్ తెలుగులోకి మార్చేసేది. తర్వాత తర్వాత వేరే భారతీయ భాషల లిపులకీ పని చేసింది.

ఒక్కసారి ఆలోచించండి. నాలుగు తెలుగు పత్రికల ఫాంట్లు సరిచేయడానికి ఏ పెద్ద కంపెనీ మనుషుల్ని పెడుతుంది? ఎవరికి ఫాయిదా? ఏ సాఫ్ట్‌వేర్ కంపెనీ హిసాబ్‌లోనూ ఆ పని ఉండదు. కానీ జరూరత్ ఉన్న మనిషి తానే కూర్చుని రాసుకోగలిగాడు, రాసి అందరికీ ఇచ్చాడు. ఇల్లు అంత తెరిచి ఉండబట్టే చిన్న భాషలవాళ్ళూ, వింత అవసరాలవాళ్ళూ అందులో తమ మూల తాము సర్దుకున్నారు. పాత ఫైర్‌ఫాక్స్ అసలు ఖూబీ అదే.

అయితే చాబీల గుత్తికి ఇంకో ముఖం కూడా ఉంది. ఇంటికొచ్చిన మెహమాన్ మంచివాడైతే సరే. దొంగ అయితే? గుత్తి వాడి చేతిలోనూ అదే. పాత పద్ధతిలో ఒక చెడ్డ యాడ్-ఆన్ తలుచుకుంటే మన పాస్‌వర్డ్‌లు చదవగలదు, మన హార్డ్ డిస్కులో ఫైళ్ళు తెరవగలదు. అడ్డు చెప్పే చౌకీదార్ లేడు. ఇది చాలదన్నట్టు, మంచివాళ్ళ వల్లా ఇబ్బందే. గోడలో ఎవరెక్కడ మేకు కొట్టారో ఇల్లుగలాయనకి తెలియదు. ఒక గోడ కొంచెం జరిపితే ఎవరి గడియారమో కింద పడుతుంది.

2011లో ఫైర్‌ఫాక్స్ ఆరు వారాలకో కొత్త వెర్షన్ ఇవ్వడం మొదలుపెట్టాక ఈ గొడవ ముదిరింది. ప్రతి యాడ్-ఆన్ లోపల ఒక చిన్న ఫైలు ఉండేది, నేను ఫలానా వెర్షన్ దాకానే పని చేస్తానని రాసిన చీటీ లాంటిది. బ్రౌజర్ ఆ అంకె దాటగానే యాడ్-ఆన్ ఆగిపోయేది, నిజానికి లోపల ఏమీ చెడకపోయినా సరే. ఉపాయం తెలిసినవాళ్ళు ఆ యాడ్-ఆన్ ఫైలుని జిప్ ఫైలు లాగా విప్పి, చీటీలో అంకె దిద్ది, మళ్ళీ మూసి వాడుకునేవాళ్ళు. 2012 మొదట్లో ఫైర్‌ఫాక్స్ 10 వచ్చాకగానీ ఆ తలనొప్పి తగ్గలేదు. అప్పటినుంచి అంకె దాటినా చాలావాటిని నడవనిచ్చారు.

అన్నిటికన్నా పెద్ద మజ్బూరీ వేరే ఉంది. చాలా ఏళ్ళు ఫైర్‌ఫాక్స్ మొత్తం ఒకే ప్రాసెస్‌గా నడిచింది. ఇల్లంతటికీ ఒకే ఫ్యూజు అన్నమాట. ఒక పేజీ బిగుసుకుపోతే బ్రౌజర్ అంతా బిగుసుకుపోయేది. 2008లో వచ్చిన క్రోమ్ పేజీలని విడివిడి ప్రాసెస్‌లుగా నడిపి చూపించింది. ఫైర్‌ఫాక్స్ కూడా ఆ రాస్తా పట్టాలంటే పేజీలకీ బ్రౌజర్ ముఖానికీ మధ్య గోడ కట్టాలి. పాత యాడ్-ఆన్లేమో ఆ గోడ లేదనుకుని, తిన్నగా చెయ్యి చాపి పేజీని ముట్టుకునేలా రాసినవి. అందుకే 2016 ఆగస్టులో ఫైర్‌ఫాక్స్ 48తో ఈ మార్పు మొదలుపెట్టినప్పుడు ముందుగా అసలు యాడ్-ఆన్లే లేనివాళ్ళకి ఇచ్చారు. అంటే అర్థమైంది కదా, ఏవి బ్రౌజర్‌కి రౌనక్ తెచ్చాయో అవే దాని కాళ్ళకి బేడీలు కూడా అయ్యాయి.

మొజిల్లా తన ఇరాదా మొదట చెప్పింది 2015 ఆగస్టులో. జూల్, ఎక్స్‌పీకామ్ మీద నిలబడ్డ యాడ్-ఆన్లకి ముందు ముందు చోటు ఉండదని, వాటి బదులు వెబ్‌ఎక్స్‌టెన్షన్స్ అనే కొత్త పద్ధతి వస్తుందని. అది చాలావరకు క్రోమ్ పద్ధతికి దగ్గరగా ఉంటుంది, కాబట్టి ఒకచోట రాసింది కొద్ది మార్పులతో రెండోచోటా నడుస్తుంది. 2016 నవంబర్‌లో తారీఖు ఖాయం చేసింది. ఏడాది తిరిగేసరికి, ఫైర్‌ఫాక్స్ 57 నాటికి, కొత్త పద్ధతివి తప్ప ఏవీ నడవవు. ఈలోగా దస్తఖత్ రివాజ్ కూడా వచ్చింది. మొజిల్లా మొహర్ లేని యాడ్-ఆన్‌ని మామూలు ఫైర్‌ఫాక్స్ లోపలికి రానివ్వదు.

కొత్త పద్ధతిలో చాబీల గుత్తి లేదు. దర్వాజా దగ్గర నిలబడి ఇజాజత్ అడగాలి. "నీ ట్యాబులు చూడనిస్తావా? అన్ని వెబ్‌సైట్లలో నీ సమాచారం చదవనిస్తావా? డౌన్‌లోడ్‌లు ముట్టుకోనిస్తావా?" మనం ఔనంటేనే లోపలికి. అదీ ఇంటివాళ్ళు చూపించిన గదుల్లోకే. ఏ గదికి తలుపు పెట్టలేదో ఆ గదిలో పని చేసే యాడ్-ఆన్ ఇక ఉండదు. ఎంత హునర్ ఉన్న కారీగర్ అయినా లేని తలుపులోంచి లోపలికి పోలేడు.

మా మామూ కథ ఇక్కడ చెప్పాలి.

మామూ కర్నూల్‌లో ఉర్దూ మీడియం బడిలో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. తెలుగు పేపరు చదవనిదే చాయ్ తాగరు. ఆయనకి నెట్‌లో కనిపించిన మంచి పేజీని దాచుకునే షౌక్. స్క్రాప్‌బుక్ అనే యాడ్-ఆన్ దానికి సరిగ్గా సరిపోయింది. జపాన్‌లో తయారైంది. పేజీని బొమ్మలతో సహా మన కంప్యూటర్‌లోకి దించి, పక్కన ఒక పట్టీలో వరసగా చూపించేది. ఇష్టమైన వాక్యం మీద రంగు పూసుకోవచ్చు. మామూ దానికి బస్తా అని పేరు పెట్టారు. బడిపిల్లల బస్తాలాగే అందులో అన్నీ ఉండేవి. లెక్కల చిక్కుముళ్ళు, షాయరీ, కర్నూల్ నవాబుల తారీఖ్, మోకాళ్ళ నొప్పికి చిట్కాలు, పద్మ పుణ్యమా అని చదవగలిగిన తెలుగు వ్యాసాలు. ఎనిమిదేళ్ళకి పైగా కూడబెట్టినవి.

2017 దసరా సెలవులకి నేను కర్నూల్ వెళ్ళేసరికి ఆయన కంప్యూటర్‌లో స్క్రాప్‌బుక్ పేరు పక్కన "లెగసీ" అని చిన్న చీటీ వచ్చి ఉంది. మామూ కళ్ళద్దాలు ముక్కు మీదికి జార్చి అడిగారు.

"క్యా బేటీ యే? మేరే సామాన్ కు పురానా బోల్‌కే చీటీ కౌన్ చిప్కాయా?"

పైన నేను చెప్పిన కథంతా ఆయనకి చాయ్ రెండు సార్లు అయ్యేదాకా చెప్పాను. చాబీల గుత్తి, దొంగ మెహమాన్, ఫ్యూజు, గోడ. లెక్కల మాస్టారు కదా, శాంతంగా విని ఒక్క సవాల్ వేశారు.

"సరే. బ్రౌజర్‌ది న్యాయమే అనుకుందాం. నా బస్తా ఎక్కడుంది? వాళ్ళింట్లోనా, నా ఇంట్లోనా?"

మంచి సవాల్. ఇద్దరం కలిసి వెతికాం. బస్తా మామూ ఇంట్లోనే ఉంది. స్క్రాప్‌బుక్ రాసిన మనిషి ఎంత ముందుచూపు ఉన్నవాడో అప్పుడు తెలిసింది. దాచిన ప్రతి పేజీకీ ఒక ఫోల్డరు. ఫోల్డరు పేరు దాచిన రోజూ గంటా నిమిషం సెకనుతో సహా పధ్నాలుగు అంకెలు. లోపల మామూలు వెబ్ పేజీ ఫైలు, దాని బొమ్మలు. మామూ పూసిన రంగు కూడా ఆ పేజీలోనే ఉంది. రెండు సార్లు నొక్కితే ఏ బ్రౌజర్‌లోనైనా తెరుచుకుంటుంది. ఏ పేజీ ఏ విభాగంలో ఉందో చెప్పే జాబితా ఒక్కటే వేరే ఫైలు. అది కూడా కంటితో చదవగలిగిన రాతే. పనిముట్టు ఆగిపోయినా ఖజానాకి తాళం పడదు.

ఆ సెలవుల్లో రెండు పూటలు కూర్చుని ఆ జాబితాని ఒక మామూలు పేజీగా మార్చాం. పేరు మీద నొక్కితే పేజీ తెరుచుకునేలా. మొత్తం ఫోల్డరు ఒక పెన్‌డ్రైవ్‌లోకి, ఇంకో కాపీ మా ఇంటికి. ఆ తర్వాతే కొత్త వెర్షన్‌కి సరే అన్నాం. ఒక్క కాగితం పోలేదు. స్క్రాప్‌బుక్ లాంటి పనినే కొత్త పద్ధతిలో చేసే వెబ్‌స్క్రాప్‌బుక్ కూడా తర్వాత వచ్చింది.

అన్నీ సర్దేశాక మామూ లేచి, అల్మారాలోంచి మా నానా డైరీ తీసుకొచ్చి నా చేతిలో పెట్టారు. నల్ల సిరాతో, ముత్యాల్లాంటి నస్తాలిఖ్ ఖత్. నేను తెలుగు మీడియంలో చదివాను. ఇంట్లో ఉర్దూ మాట్లాడతాను, నవ్వుతాను, అలుగుతాను, చదవలేను. అలిఫ్, బే, పే దాటితే నా కళ్ళు తడబడతాయి. మా అన్నలూ అంతే, మా పిల్లలైతే ఆ మూడు కూడా ఎరగరు.

"దేఖ్, కాగజ్ సలామత్ హై" అన్నారు మామూ. "కాగితం బాగానే ఉంది. పురుగు కూడా ముట్టలేదు. చదివేవాళ్ళే కొత్త వెర్షన్ అయిపోయారు."

నవ్వుతూనే అన్నారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. మా బస్తా తెరుచుకోవడానికి కారణం దాన్ని అందరూ చదవగలిగిన రాతలో దాచడం. నానా డైరీ కూడా ఒకప్పుడు మా ఖాందాన్‌లో అందరూ చదవగలిగిన రాతే. వస్తువుని భద్రంగా ఉంచడం సగం పనే. దాన్ని తెరవగలిగేవాళ్ళు మిగిలి ఉండడం మిగతా సగం. ఆ రెండో సగాన్ని ఏ యాడ్-ఆన్ చేసిపెట్టదు.

సరే, బయట ప్రపంచంలో ఏం జరిగిందో కూడా చూద్దాం. నోస్క్రిప్ట్ కొత్త రూపం 57 వచ్చిన కొద్ది రోజులకే వచ్చేసింది. దాని వెనక ఆ కారీగర్ ఎంత కాలం మెహనత్ చేశాడో. గ్రీజ్‌మంకీ కొత్త పద్ధతికి మారింది గానీ, మారుతూ తన సొంత ఆజ్ఞలని కూడా మార్చుకుంది. దాంతో దాన్ని నమ్ముకుని జనం రాసుకున్న చిన్న చిన్న స్క్రిప్టులు చాలావాటిని మళ్ళీ దిద్దాల్సి వచ్చింది. డౌన్‌దెమ్‌ఆల్ 2019లోగానీ తిరిగి రాలేదు, అదీ పాత హంగులు కొన్ని వదులుకుని. ఫైర్‌బగ్ అంతకు ముందే ముగిసిపోయింది. అది నేర్పిన విద్యంతా బ్రౌజర్ సొంత పనిముట్లలో కలిసిపోయింది. ఇక బ్రౌజర్ ముఖాన్నే మార్చే క్లాసిక్ థీమ్ రెస్టోరర్ లాంటివి తిరిగి రాలేదు. ఆ గదికి తలుపే పెట్టలేదు మరి.

తిరిగిరాని వాటిలో చాలావాటికి కారణం మొండితనం కాదు. రాసిన మనిషి ఎప్పుడో కాలేజీలో ఉండగా షౌక్‌తో రాశాడు. ఇప్పుడు నౌకరీ, బీవీ, పిల్లలు, ఇంటి లోను. ఒక్క పైసా రాని పనిని మొదటినుంచి మళ్ళీ రాయమంటే ఎక్కడినుంచి తెస్తాడు అన్ని రాత్రులు? అతను మనకి చేసింది ఎహసాన్. ఎహసాన్‌ని బాకీలా వసూలు చేయలేం.

పాత ఇల్లు వదలమన్నవాళ్ళూ ఉన్నారు. పేల్ మూన్, వాటర్‌ఫాక్స్ వంటి బ్రౌజర్లు పాత యాడ్-ఆన్లకి ఆసరా ఇచ్చాయి. మొజిల్లా కూడా సంస్థల కోసం ఇచ్చే 52 వెర్షన్‌ని 2018 దాకా హిఫాజత్ మరమ్మతులతో నడిపింది. విండోస్ ఎక్స్‌పీ వాడేవాళ్ళకీ అదే ఆఖరి మజిలీ. అదే ఏడాది అక్టోబర్‌లో పాత యాడ్-ఆన్లని తన గోదాం నుంచి తీసేసింది. పాత ఇంట్లో ఉండిపోవడం తప్పు కాదు. కానీ పైకప్పు కారితే బాగుచేసేది గుప్పెడు మందే అని తెలిసి ఉండాలి.

ఇంతకీ మొజిల్లా చేసింది సహీనా, గలత్‌నా? నన్నడిగితే మార్పు తప్పనిసరి. చాబీల గుత్తి పంచిపెడుతూ ఇంటిని మళ్ళీ కట్టడం ఎవరివల్లా కాదు. చెప్పకుండా చేశారనీ అనలేం. మొదటి మాటకీ చివరి రోజుకీ మధ్య రెండేళ్ళు దాటింది. కానీ తారీఖు ఖాయమయ్యాక దొరికింది ఏడాదే. యాడ్-ఆన్లు రాసేవాళ్ళు అడిగిన తలుపులు కొన్ని ఆ గడువులోపల పూర్తి కాలేదు, కొన్ని ఎప్పటికీ రాలేదు. ఇల్లు మొత్తం బాగుపడింది, నిజమే. ఆ బాగుకి ఖీమత్ కట్టింది మాత్రం వింత అవసరాలున్న కొద్దిమంది, జీతం లేని కారీగర్లు. నన్ను కలవరపెట్టేది ఈ హిసాబే. ఇవాళ పద్మలాంటి జరూరత్ మరో చిన్న భాషకి వచ్చి, దానికి కావలసిన తలుపు లేకపోతే, వాళ్ళు ఎవరి దర్వాజా తట్టాలి?

ఇంకో మాట కూడా చెప్పాలి. ఇజాజత్ పద్ధతి వచ్చింది కాబట్టి దొంగలు పోయారనుకుంటే పొరపాటు. పేజీల రూపం మార్చే స్టైలిష్ అనే యాడ్-ఆన్ చేతులు మారాక, వాడేవాళ్ళు ఏ ఏ పేజీలు చూస్తున్నారో ఆ చరిత్రంతా తన దగ్గరికి పంపుకుంటోందని 2018లో బయటపడింది. ఫైర్‌ఫాక్స్, క్రోమ్ రెండూ దాన్ని తీసేశాయి. అన్ని పేజీలూ చూసే ఇజాజత్ దానికి ఉంది, మనమే ఇచ్చాం. ఇజాజత్ వేరు, భరోసా వేరు. 2019 మే మొదటి వారంలో ఇంకో వింత. యాడ్-ఆన్ల దస్తఖత్‌ని సరిచూసే మొజిల్లా సర్టిఫికెట్ ఒకదాని గడువు తీరిపోయింది. దాంతో ప్రపంచమంతటా ఫైర్‌ఫాక్స్ యాడ్-ఆన్లు ఒక్కసారిగా ఆగిపోయాయి. చౌకీదార్ గుర్తింపు కార్డే గడువు దాటిపోతే లోపలివాళ్ళంతా పరాయివాళ్ళయిపోయినట్టు. వాళ్ళు త్వరగానే సరిచేశారు గానీ, అన్ని తలుపుల చాబీ ఒకే చేతిలో ఉంటే ఏమవుతుందో అందరికీ తెలిసొచ్చింది.

ఈ కథ ఒక్క ఫైర్‌ఫాక్స్‌ది అనుకోకండి. 2024 నుంచి క్రోమ్ కూడా తన పాత ఎక్స్‌టెన్షన్ పద్ధతిని ఆపడం మొదలుపెట్టింది. ప్రకటనలని అడ్డుకునే యూబ్లాక్ ఆరిజిన్ పూర్తి రూపంలో అక్కడ నడవకుండా పోయింది. ఫైర్‌ఫాక్స్ మాత్రం ఆ తలుపు తన ఇంట్లో తెరిచే ఉంచింది. ఒకప్పుడు చాబీలు వెనక్కి తీసుకున్న ఇల్లే ఇప్పుడు ఒక గది ఎక్కువ ఇస్తోంది. నేల మళ్ళీ మళ్ళీ కదులుతుంది. మన ఫోన్లలో యాప్‌లూ అంతే, రేపు ఇంకేదో.

కాబట్టి ఇళ్ళల్లో మనం చేసుకోగల ఇంతెజాం గురించి నాలుగు మాటలు.

ఏ పనిముట్టు వాడినా ముందు మామూ సవాల్ అడగండి. నా బస్తా ఎక్కడుంది? వాళ్ళింట్లోనా, నా ఇంట్లోనా? ఆ పనిముట్టు రేపు లేకపోతే ఇందులోది ఇంకో దాంతో తెరవగలనా? తెరవలేనంటే ఇవాళే ఒక కాపీ మామూలు రూపంలోకి దించుకోండి. ఫోటో అయితే ఫోటో ఫైలుగా, రాత అయితే యూనికోడ్ రాతగా. పాత ఫాంట్లలో టైపు చేయించిన కాగితాలు, శుభలేఖలు, ఖాందాన్ శిజ్రాలు ఇంకా ఎవరి దగ్గరైనా ఉంటే వాటినీ మార్పించుకోండి. ఆ ఫాంట్లు తెలిసిన డీటీపీ దుకాణాలవాళ్ళు ఇంకా ఉండగానే.

ఇజాజత్ అడిగే పెట్టె వచ్చినప్పుడు చదవకుండా నొక్కకండి. పేజీ రంగు మార్చే పనిముట్టుకి మీ డౌన్‌లోడ్‌లతో ఏం పని? అన్ని వెబ్‌సైట్లూ చూస్తానంటే ఎందుకని ఆగి ఆలోచించండి. వాడని యాడ్-ఆన్లు తీసేయండి. ఖాళీగా కూర్చున్న మెహమాన్ దగ్గర కూడా చాబీ ఉంటుంది.

మీకు రోజూ పనికొచ్చే ఉచిత పనిముట్టు ఏదైనా ఉంటే, దాన్ని రాసినవాళ్ళ పేజీకి వెళ్ళి ఒక షుక్రియా రాయండి. వీలైతే నూటో యాభయ్యో పంపండి. తెలుగులో రాసినా సరే, ఉర్దూలో రాసినా సరే. అర్ధరాత్రి దాకా మెలకువగా కూర్చుని పని చేసేవాడికి, ఈ చివర ఒక మనిషి ఉన్నాడని తెలియడం తక్కువ సంగతి కాదు.

ఇంట్లో ఉర్దూ చదవగలిగిన పెద్దవాళ్ళు ఎవరైనా ఉంటే, అల్మారాలో ఉన్న పాత డైరీలు, ఖత్‌లు తీసి వాళ్ళ ముందు పెట్టండి. వాళ్ళు చదువుతుంటే ఫోన్‌లో రికార్డు చేయండి, పక్కన కూర్చుని తెలుగులో రాసుకోండి. పిల్లల్లో ఒక్కరికైనా ఆ అక్షరాలు నేర్పించండి. మా ఇంట్లో షురూ అయింది. ఆదివారం ఆదివారం మామూ ఫోన్‌లో చదువుతారు, నేను రాస్తాను. నానా డైరీలో ఇప్పటికి పదకొండు పేజీలు అయ్యాయి. పన్నెండో పేజీలో ఎద్దుల ధర గురించి ఏదో పెద్ద తగాదా ఉందట. అది వచ్చేవారం.